తూము తాళం ఎవరి దగ్గరుంది?

2020 ఆగస్టులో మా ఇంట్లోకి నీళ్లు వచ్చిన రాత్రి అమ్మ మొదట అడిగిన మాట, "తాగే నీళ్లు ఎక్కడున్నయే?" అని. మోకాలి లోతు నీళ్లలో నిలబడి అడిగింది. నాకు విసుగొచ్చింది. బియ్యం సంచి, సర్టిఫికెట్ల ఫైలు, ఆమె మందుల డబ్బా మంచం మీదికి ఎక్కించే హడావిడిలో ఉన్నాను. తెల్లారాక తెలిసింది, ఆమె అడిగిందే అసలు సంగతని. సంపు మూత మీదుగా మోరీ నీళ్లు పారుతున్నాయి. మోటరు మునిగింది. నల్లా గుంట ఎక్కడుందో కూడా కనిపించలేదు. మూడు రోజులు పై అంతస్తులో అద్దెకుండేవాళ్లు ఇచ్చిన రెండు క్యాన్లతో ఆరుగురం గడిపాం. కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా నీళ్లే. గొంతు తడుపుకోవడానికి మాత్రం గ్లాసు కొలిచి పంచుకున్నాం.

మాది వరంగల్‌లో హంటర్ రోడ్డు వెనకాల కాలనీ. ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఇదే ఇంటి ముందు ట్యాంకర్ ఆగుతుంది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినా సన్నగా వస్తుంది, బోరు ఎండుతుంది. అంటే ఎండాకాలంలో నీళ్లు కొనుక్కునేదీ, వానాకాలంలో నీళ్లను ఎత్తిపోసుకునేదీ ఒకే ఇల్లు. ఈ రెండూ వేరు వేరు కష్టాలని చాలాకాలం అనుకున్నాను. ఒకదానికి ట్యాంకర్‌వాళ్లను పిలవాలి, రెండోదానికి కార్పొరేటర్‌ను పిలవాలి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. రెండూ ఒక్క తప్పు నుంచే వస్తున్నాయి. మన చెరువుల విషయంలో చేసిన ఆ తప్పు గురించే రాస్తున్నాను.

ముందు మా తాత గురించి చెప్పాలి. ఆయన పరకాల దిక్కు ఒక ఊళ్లో నీరటికాడు. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు. ఊరి చెరువుకు కాపరి అన్నమాట. తూము ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఏ మడికి ముందు పారాలి, కట్ట ఎక్కడ ఊరుతోంది, ఎండ్రకాయ బొక్క ఎక్కడ పడింది, ఇవన్నీ ఆయన చూసుకునేవాడు. వాన పడే రాత్రుళ్లు గొంగడి కప్పుకుని, లాంతరు పట్టుకుని కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేవాడు. జీతం ఉండేది కాదు. కోతలప్పుడు ఆయకట్టు రైతులు కల్లంలో మేర కొలిచి ఇచ్చేవారు. అంటే చెరువు బాగుంటేనే మా ఇంట్లో గింజలు.

ఆయన చెప్పిన ఒక మాట అప్పట్లో నాకు వింతగా తోచింది. యాసంగి కోతలు అయిపోయి, చెరువు అడుగున పలుచగా నీళ్లు మిగిలి, మధ్యలో పగుళ్లు బారిన ఒండ్రు కనబడే రోజుల్లో అందరికీ దిగులుగా ఉంటుంది కదా. ఆయన మాత్రం కట్ట మైసమ్మ దగ్గర కూచుని నిమ్మళంగా బీడీ ముట్టించేవాడు. "కడుపు ఖాళీ అయింది బిడ్డా, ఇగ ఎంత వానన్నా రానీ" అనేవాడు.

నేను ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో సైన్సు చెప్తున్నాను. ఆయన మాటలోని లెక్క పూర్తిగా అర్థం కావడానికి నాకు ఆ 2020 రాత్రి కావలసి వచ్చింది.

చెరువుకు రెండు నోళ్లు. అడుగున తూము, పైన మత్తడి. తూము మనిషి చేతిలో ఉంటుంది, మత్తడి మనిషి మాట వినదు. నిండితే దుంకుతుంది, అంతే. తూము గుండా పోయే నీళ్లు పంటకు పోతాయి, మత్తడి దుంకే నీళ్లు కింది చెరువుకు పోతాయి. కాకతీయుల కాలం నుంచి మన ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులు పనిచేసింది ఇలాగే. గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు, రేచర్ల రుద్రుడు పాలంపేట దగ్గర రామప్ప చెరువు కట్టించాడు. వాటి గొప్పతనం చెప్పేటప్పుడు ఎంత నీళ్లు పడతాయో, ఎన్ని ఎకరాలు పారతాయో చెప్తాం. ఏటా అవి ఎంత ఖాళీ అయ్యేవో ఎవరం చెప్పం. వానాకాలం నిండడం, యాసంగికి తూము తీసి పొలాలకు వదలడం, ఎండాకాలానికి అడుగంటడం, ఆ అడుగంటిన రోజుల్లో ఒండ్రు తవ్వి బండ్ల మీద పొలాలకు తోలుకోవడం, మళ్లీ ఆషాఢం నాటికి ఖాళీ కడుపుతో ఎదురుచూడడం. పంట పండించే పనే చెరువును ఏటా ఖాళీ చేసింది. వరదను ఆపడానికి వేరే ఏర్పాటు అక్కర్లేకపోయింది.

వరంగల్, హనుమకొండ పెరిగి ఆయకట్టు మీదికి వచ్చాయి. పొలాలు ప్లాట్లయ్యాయి. మా ప్లాటు కూడా ఒకప్పుడు వరి మడే. కొన్నప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ తప్పు మాది కూడా. అయితే ఆయకట్టు పోవడంతో ఇంకొకటి పోయిందని చాలామంది గమనించలేదు. చెరువును ఖాళీ చేసేవాడు పోయాడు. పొలం లేనప్పుడు తూము ఎందుకు తీస్తారు? తీయకపోతే షట్టర్ తుప్పు పట్టింది, కాలువ పూడింది, దాని మీద గోడ లేచింది. నీరటికాడి పని ఆగిపోయింది. చెరువుకు మిగిలింది ఒక్క మత్తడి. అంటే మనిషి మాట వినే నోరు మూసుకుపోయి, వినని నోరు ఒక్కటే మిగిలింది.

దీనికి తోడు నగరం చెరువును ఎప్పుడూ నిండుగా ఉంచాలనుకుంది. రెండు వైపుల నుంచీ. కాలనీల మోరీ నీళ్లు పన్నెండు నెలలూ చేరుతూనే ఉంటాయి, కాబట్టి చాలా చెరువులు మే నెలలోనూ గుర్రపుడెక్కతో పచ్చగా కనబడతాయి. రెండోది, వరంగల్‌కు తాగునీళ్లు దూరం నుంచి వస్తాయి. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ కరీంనగర్ దిగువ మానేరు మీదుగా తెచ్చే నీళ్లు, దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నుంచి తోడే నీళ్లు. అవి వచ్చినప్పుడు దాచుకోవడానికి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులను వేసవి నిల్వ కోసం వాడుకుంటూ వచ్చారు. ఆలోచన మంచిదే, ఎండాకాలం ఆ నీళ్లే మమ్మల్ని బతికించాయి. కానీ నిల్వ చూసుకునేవాళ్లకు చెరువు నిండుగా ఉండడమే విజయం. వరద చూసుకునేవాళ్లకు అదే చెరువు నిండుగా ఉండడం ప్రమాదం. ఒకే చెరువును రెండు ఆఫీసులు రెండు కళ్లతో చూస్తాయి, ఏ నెలలో ఏ మట్టం ఉండాలో కలిసి కూచుని రాసుకోవు.

పాత వానలకు ఈ పద్ధతి ఎట్లాగో సాగింది. ఇప్పుడు వాన మారింది.

పిల్లలకు చెప్పే పాఠమే ఇక్కడా చెప్తాను. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల ఆవిరి ఇంచుమించు ఏడు శాతం పెరుగుతుంది. అంటే కురవడానికి ఆకాశంలో సరుకు ఎక్కువ ఉంటుంది. కురిసే రోజులు పెరగవు, కురిసిన రోజున మాత్రం కుండపోత. మధ్యలో పొడి రోజులు సాగుతాయి, ఎండ నేలలోంచి, చెరువులోంచి ఎక్కువ లాక్కుంటుంది. దప్పిక, వరద రెండూ ఒకే వేడి వల్ల ఎక్కువవుతాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. తెలంగాణలో అంతకుముందు రికార్డు 2013 జులైలో వాజేడులో నమోదైన 517.5. లక్ష్మీదేవిపేట ఎక్కడో కాదు, రామప్ప చెరువున్న వెంకటాపూర్ మండలమే. మా దగ్గర ఏడాది మొత్తానికి పడేది ఇంచుమించు వెయ్యి మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా ఒక్క పగలూ రాత్రిలో పడింది. ఒక చదరపు కిలోమీటరు మీద లెక్కేస్తే దాదాపు 65 కోట్ల లీటర్లు. ఆ రోజుల్లోనే మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరిని ముంచింది, జనం ఇళ్ల కప్పుల మీదా చెట్ల మీదా తెల్లవార్లూ ఉన్నారు.

ఆ వారంలోనే, జులై 29న, భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగింది. ఇసుక బస్తాలు వేసి ఆపారు, దిగువ కాలనీల వాళ్లను ఖాళీ చేయించారు. మేం కూడా ఆ సాయంత్రం అమ్మను ఆటోలో చెల్లెలి ఇంటికి పంపాం. ఆ కట్ట వందల ఏళ్లుగా ఉన్నది. గట్టిగా లేదని నేను అనను. వాన వచ్చేసరికి దాని వెనకాల చోటు లేదు, అదే నా బాధ.

చోటు అంటే ఎంతో ఒకసారి లెక్క చూద్దాం. చదరపు కిలోమీటరు విస్తీర్ణమున్న చెరువులో మట్టం ఒక్క మీటరు తగ్గించి ఉంచితే పది లక్షల ఘనపు మీటర్ల చోటు దొరుకుతుంది. పది చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో 100 మిల్లీమీటర్ల వాన పడి, ఒక్క చుక్క ఇంకకుండా అంతా చెరువులోకే వచ్చినా ఆ ఒక్క మీటరులో సర్దుకుంటుంది. మరి ఆ మీటరును తుఫాను కబురు తెలిశాక, మూడు రోజుల్లో దించగలమా? దానికి సెకనుకు దాదాపు నాలుగు ఘనపు మీటర్లు, అంటే 136 క్యూసెక్కులు ఆపకుండా వదలాలి. మడులకు నీళ్లు పెట్టడానికి కట్టిన పాత చిన్న తూములతో అది అయ్యే పని కాదు. అందుకే రెండూ కావాలి. ఒకటి, పెద్ద షట్టరున్న కొత్త తూము. రెండు, చివరి రోజు పరుగులు పెట్టకుండా జూన్ నుంచి అక్టోబరు దాకా నెలవారీగా రాసిపెట్టిన మట్టం. పెద్ద ప్రాజెక్టులకు ఇలాంటి పట్టిక ఉంటుంది. నగరం నడిబొడ్డున లక్షల మంది తలల పక్కన ఉన్న చెరువుకు ఎందుకు ఉండకూడదు?

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్న తెలుసు. మా స్టాఫ్ రూంలోనే ఒక సార్ కోపంగా అడిగారు: "మేడం, ఎండాకాలం బిందె పట్టుకుని నిలబడేది మనమే కదా, ఉన్న నీళ్లు వదిలేయమంటారా?" న్యాయమైన కోపం. ఆయన వాళ్ల వీధిలో నల్లా మాకంటే ఆలస్యంగా వస్తుంది. ఆయనకు నేను చెప్పిన జవాబు మూడు ముక్కల్లో ఉంది, కొంచెం ఓపిక పట్టాలి.

నిండు చెరువు మనం అనుకున్నంత భద్రమైన బ్యాంకు కాదు. మే నెల ఎండకు చెరువు మట్టం రోజుకు ఇంచుమించు ఒక సెంటీమీటరు ఆవిరైపోతుంది. చదరపు కిలోమీటరు చెరువులో అది రోజుకు కోటి లీటర్లు. మనిషికి 150 లీటర్ల లెక్కన అరవై ఆరు వేల మంది ఒక రోజు వాడుకునే నీళ్లు. లోతు లేని చెరువులో పలుచగా పరిచిన నీళ్లు ఎండకు పెట్టిన తిండే. అదే నీటిని తక్కువ విస్తీర్ణంలో, ఎక్కువ లోతులో దాస్తే నష్టం తగ్గుతుంది. అంటే పూడిక తీయాలి. పూడిక ఎంత తింటుందో తెలియాలంటే శ్రీరాంసాగర్‌ను చూడండి: కట్టినప్పుడు 112 టీఎంసీలు, సర్వేలు చేస్తూ పోతే ఇప్పుడు 80 చిల్లరకు దిగింది. అంత పెద్ద జలాశయంలోనే నాలుగో వంతుకు పైగా ఒండ్రు కూచుంది. రోజూ మోరీ మట్టి చేరే పట్నం చెరువు సంగతి వేరే చెప్పాలా?

రెండోది, వదిలిన నీళ్లు పోయినట్టు కాదు. తాత వదిలిన నీళ్లు మడిలో ఇంకి మా ఊరి బావుల్లో తేలేవి. ఇప్పుడు మడులు లేవు, నిజమే. కానీ తూము కింద పాత కాలువ వెంట మిగిలిన ఖాళీ జాగాలు, పార్కులు, స్కూలు గ్రౌండ్లు, పూడిన మెట్ల బావులు ఉన్నాయి. శివనగర్ మెట్ల బావిని శుభ్రం చేశాక చూసినవాళ్లకు తెలుసు, నేల ఎంత నీళ్లు దాచుకోగలదో. మట్టం తగ్గించడానికి వదిలే నీళ్లను వీటిలోకి మళ్లిస్తే ఏప్రిల్‌లో మా బోర్లకే అవి తిరిగొస్తాయి. ఇంటింటికీ ఇంకుడుగుంత మంచిదే, మా ఇంట్లోనూ ఉంది. ఆరు వందల మిల్లీమీటర్ల రాత్రికి మాత్రం అది దోసెడు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. సీజన్ చివర్లో నింపుకోవచ్చు. మట్టం తగ్గించి ఉంచమనేది వానలున్న నెలల్లో. వానలు వెనకబట్టాక కాలువ నీళ్లతో నింపుకుంటే ఎండాకాలానికి ఎవరి బిందెకూ లోటు రాదు. అయితే వానలు వెనకబట్టడం ఎప్పుడన్నది కూడా ఇప్పుడు మారిపోయింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను ఆంధ్రా తీరం దాటి, మన మీదికి వచ్చి కురిసింది. దసరా పోయి, బతుకమ్మలు చెరువులో వేసి, ఇక వానాకాలం అయిపోయిందని చెరువులన్నీ నిండుగా ఉన్న రోజుల్లో. హనుమకొండ, వరంగల్ వీధులు మళ్లీ మునిగాయి. మా గోడ మీద 2020 గీత కింద ఇంకొక గీత పడింది. కాబట్టి నింపుకోవడం కూడా పాత పంచాంగం చూసి కాదు, తుఫాను కబుర్లు చూసి చేయాలి. మండలాల్లో వాన కొలిచే యంత్రాలు ఉన్నాయి, వాతావరణ శాఖ రోజుల ముందే రంగులు చూపిస్తోంది. ఆ రంగు చూసి తూము దగ్గరికి నడిచి వెళ్లాల్సిన మనిషి ఒక్కడే లేడు.

మాకు దగ్గర్లోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచి వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వరదను పట్టుకోవడానికి కట్టారు, తాగడానికి వాడారు. ఒకే కట్టడానికి రెండు పనులు అప్పగించి, గేట్లు పెట్టి, గేటు దగ్గర మనిషిని పెట్టారు. మన భద్రకాళికి, వడ్డేపల్లికి నేను అడుగుతున్నది అంతకంటే ఎక్కువ కాదు.

2024 నవంబరులో భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడికతీత మొదలుపెట్టినప్పుడు ఒక ఆదివారం వెళ్లి చూశాను. పుట్టి బుద్ధెరిగాక ఆ చెరువు అడుగు చూడడం అదే మొదటిసారి. నల్లటి బురద, అందులో ప్లాస్టిక్, కొంగలు. కట్ట మీద నిలబడ్డవాళ్లలో కొందరు ఏడుపు ముఖంతో ఉన్నారు, అమ్మవారి చెరువు ఇట్లయిందేమిటని. నాకూ గుండె కలుక్కుమంది. తవ్విన మట్టి ఎటు పోతుంది, వచ్చే నీళ్లలో మోరీ కలవకుండా ఎవరు ఆపుతారు, ఇవి అడగాల్సినవే, నేనూ అడిగాను. అయినా తాత ఉంటే మైసమ్మ దగ్గర కూచుని బీడీ ముట్టించేవాడని కూడా అనిపించింది. ఒక్కసారి ఖాళీ చేసి ఊరుకుంటే లాభం లేదు. మళ్లీ మెల్లగా పూడుతుంది. ఏటా ఖాళీ అయ్యే అలవాటు రావాలి.

నాలాల మీద ఇళ్ల సంగతి దాటవేయను. నయీంనగర్ నాలా వెడల్పు చేశారు, మంచి పని. బొందివాగు పొడుగునా ఇంకా చేయాల్సింది చాలా ఉంది. అయితే వాగు ఒడ్డున రేకుల షెడ్డులో ఉండే కూలీ కుటుంబాన్నీ, శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, చదును చేసి వెంచర్ వేసినవాణ్నీ ఒకే గాటన కట్టకూడదు. మొదటివాళ్లకు ఇల్లు ఇచ్చాకే లేవమనాలి, అదీ పని దొరికే దూరంలో. రెండోవాళ్లకు అనుమతి ఇచ్చిన కాగితం ఎవరు సంతకం పెట్టారో చూడాలి. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే మేర, దాని హద్దు రాళ్లను పాత నక్షా ప్రకారం పాతడంతో సరిపోదు. 2020లో, 2023లో, 2025లో నీళ్లు నిజంగా ఎక్కడిదాకా వచ్చాయో మా గోడల మీద గీతలే చెప్తాయి. ఆ గీతలను కొలిచి నక్షా గీయండి. మా ఇల్లు ఆ హద్దు లోపల పడితే పడనీ. పడుతుందనే నా భయం. అయినా అడుగుతున్నాను.

ఇదంతా ఆలోచించాక పోయిన జనవరిలో మా కాలనీకి ఎగువనున్న చెరువు తూము ఎక్కడుందో చూద్దామని బయలుదేరాను. కట్ట మీద వాకింగ్ చేసేవాళ్లను అడిగితే మత్తడి చూపించారు. చేపలు పట్టే తమ్ముడు మోరీ కలిసే చోటు చూపించాడు. చివరికి మేకలు మేపే ఒక అవ్వ, "తూమా, గా సర్కారు తుమ్మల కిందున్నది బిడ్డా, మా పెనిమిటి ఉన్నప్పుడు తీసేటోడు" అంది. ముళ్లు తప్పించుకుని దిగాం. రాతి కంబాలు రెండు అట్లాగే ఉన్నాయి. మధ్యలో ఎప్పుడో బిగించిన ఇనుప షట్టరు, దాని చక్రానికి గొలుసు, గొలుసుకు తాళం. తాళం తుప్పుతో ముద్ద కట్టింది. దానికి తాళంచెవి ఎవరి దగ్గరుందని అవ్వను అడిగాను. "ఆయన పోయినంక ఎవలో ఆఫీసోళ్లు తీస్కపోయిండ్రు" అంది.

మరుసటి వారం కాలనీవాళ్లం నలభై ముగ్గురం సంతకాలు పెట్టి ఒక దరఖాస్తు ఇచ్చాం. ప్రహరీ అడగలేదు, సీసీ రోడ్డు అడగలేదు. ఈ చెరువుకు నెలవారీ మట్టం రాసిపెట్టమనీ, జీతమిచ్చి ఒక నీరటికాణ్ని పెట్టమనీ, అప్పటిదాకా ఆ తాళంచెవి ఏ ఆఫీసులో ఏ సొరుగులో ఉందో చెప్పమనీ అడిగాం. ఒక ఆఫీసు అది మాది కాదని ఇంకొక ఆఫీసుకు పంపింది. అక్కడ రసీదు ఇచ్చారు. వానలకు ఇంకా నాలుగు నెలలుందని లెక్కపెట్టుకుని, ఆ రసీదును అమ్మ మందుల డబ్బాలో పెట్టాను.